గుండె జబ్బు, షుగరు మీద కొత్త పరిశోధన వార్త వస్తే దాన్ని ఎలా చదవాలి

2024 మార్చిలో ఒక వార్త ఒక్క రోజులో దేశదేశాల పత్రికలకూ, అక్కడి నుంచి మన ఫోన్లకూ పాకింది. రోజులో ఎనిమిది గంటల లోపే తిండి ముగించేవారికి గుండె జబ్బుతో చనిపోయే ముప్పు 91 శాతం ఎక్కువని అమెరికాలో ఒక వైద్య సదస్సులో ప్రకటించారన్నది దాని సారాంశం. అదే పద్ధతి బరువు తగ్గిస్తుందనీ, షుగరును అదుపులో పెడుతుందనీ అంతకు ముందు కొన్నేళ్లుగా చదువుతూ వచ్చినవారికి ఏది నమ్మాలో తోచలేదు. గుండె, షుగరు జబ్బుల మీద ఇలాంటి వార్తలు తరచుగా వస్తూనే ఉంటాయి. వాటిలో కొన్ని నిజంగా ప్రాణాలు నిలిపే పరిశోధనలకు సంబంధించినవి, మరికొన్ని పరిశోధకులు అనని మాటను శీర్షికకు ఎక్కించినవి. బీపీ మాత్రో షుగరు మాత్రో వాడేవారు ఇంటికొకరు కనిపిస్తున్న ఈ రోజుల్లో, వార్త చదివి మాత్ర మానేయడం గానీ, వార్త చదివి సొంతంగా మాత్ర మొదలుపెట్టడం గానీ చిన్న విషయం కాదు. వైద్యం చదవనివారు కూడా ఓ అరగంట ఓపిక పడితే ఇలాంటి వార్తను తూచి, అది తమకు ఎంతవరకు వర్తిస్తుందో ఒక అంచనాకు రావచ్చు. ఆ పద్ధతిని, ఇటీవలి దశాబ్దాల్లో నిజంగా జరిగిన పరిశోధనలనే ఉదాహరణలుగా తీసుకుని, ఇక్కడ వివరిస్తున్నాను.

మూలాన్ని పట్టుకోవడం

వార్త దగ్గరే ఆగిపోకుండా, ఆ వార్తకు ఆధారమైన పరిశోధన పత్రం సారాంశాన్ని వెతకడం మొదటి పని. వార్తలో మందు పేరు, జర్నల్ పేరు, దేశం, పాల్గొన్నవారి సంఖ్య వీటిలో ఏ రెండు దొరికినా చాలు. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడిపే పబ్‌మెడ్ అనే వెబ్‌సైటు ఉచితం. అందులో మందు పేరు, జబ్బు పేరు, సంవత్సరం ఇంగ్లీషులో టైపు చేస్తే సాధారణంగా మొదటి పేజీలోనే ఆ పత్రం కనిపిస్తుంది. పూర్తి పత్రానికి డబ్బు కట్టమన్నా, ఒక పేరా నిడివి గల సారాంశం మాత్రం అందరికీ తెరిచే ఉంటుంది. ఆ సారాంశంలో సాధారణంగా నేపథ్యం, పద్ధతి, ఫలితాలు, నిర్ధారణ అనే నాలుగు భాగాలుంటాయి. వార్తలు ఎక్కువగా చివరి భాగం మీదే ఆధారపడతాయి కాబట్టి, మనం పద్ధతినీ ఫలితాలనూ ముందు చదివి, నిర్ధారణను చివర్లో చదవాలి. ఇంగ్లీషు ఇబ్బందిగా ఉంటే ఇంట్లో చదువుకునే పిల్లల చేత చదివించుకోవచ్చు. ఫోనులో అనువదించుకుంటే మాత్రం అంకెలను మూలంతో మరొకసారి సరిచూసుకోవాలి.

మన దేశంలో మనుషుల మీద జరిగే మందుల పరిశోధనలను క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియాలో ముందుగా నమోదు చేయాలన్న నియమం 2009 జూన్ 15 నుంచి అమల్లో ఉంది. ఆ వెబ్‌సైటులో వెతికితే, పరిశోధకులు తాము ఏం కొలుస్తామని ముందుగా మాట ఇచ్చారో తెలుస్తుంది. ఇచ్చిన మాట ఒకటై, ఫలితాల్లో గొప్పగా చెప్పుకున్నది మరొకటైతే జాగ్రత్త పడాలి. ఇక సదస్సులో చదివిన పత్రం, జర్నల్లో అచ్చయిన పత్రం ఒకటి కావు. సదస్సు పత్రాన్ని అప్పటికి బయటి నిపుణులు కూలంకషంగా పరిశీలించి ఉండరు. ఎనిమిది గంటల తిండి వార్త సదస్సు పత్రం నుంచే పుట్టింది. అలాంటి వార్త వచ్చినప్పుడు పూర్తి పత్రం వెలువడేవరకు అలవాట్లు మార్చుకోకుండా ఆగడం వల్ల నష్టమేమీ ఉండదు.

చూసి చెప్పినదా, ఇచ్చి చూసినదా

పద్ధతి భాగంలో తేల్చుకోవలసిన అతి ముఖ్యమైన సంగతి ఇదే. ఒక రకం పరిశోధనలో ఎవరికీ ఏమీ ఇవ్వరు. మనుషులు తమంతట తాము ఏం తింటున్నారో, ఏ మందులు వాడుతున్నారో రాసుకుని, కొన్నేళ్ల తర్వాత ఎవరికి ఏ జబ్బు వచ్చిందో చూసి చెబుతారు. రెండో రకంలో పాల్గొనేవారిని చీటీలు తీసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు మందు, రెండో గుంపుకు అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర ఇస్తారు. వీలున్న చోట ఎవరికి ఏది అందుతున్నదో రోగికీ డాక్టరుకూ కూడా తెలియనివ్వరు. ఇలా విడదీసినప్పుడు వయసు, బరువు, పేదరికం, ఇతర జబ్బులు రెండు గుంపుల్లోనూ ఇంచుమించు సమానంగా పడతాయి కనుక, చివర్లో కనిపించే తేడా మందు వల్లే వచ్చిందని ధైర్యంగా చెప్పవచ్చు.

ఎనిమిది గంటల వార్త మొదటి రకానికి చెందినది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సర్వేలో దాదాపు 20,000 మంది పెద్దలు రెండు రోజుల పాటు తాము ఏ వేళల్లో ఏం తిన్నామో చెప్పిన సమాధానాలను తీసుకుని, 12 నుంచి 16 గంటల వ్యవధిలో తినేవారితో ఎనిమిది గంటల లోపు తినేవారిని పోల్చారు. రెండు రోజుల తిండి వేళలను బట్టి ఏళ్ల తరబడి ఉండే అలవాటును అంచనా కట్టడం ఒక లోపం. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. అంత తక్కువ వ్యవధిలో తినేవారిలో కావాలని ఉపవాసం చేసేవారే కాక, రాత్రి డ్యూటీలు చేసేవారు, జబ్బుతో ఆకలి మందగించినవారు, డబ్బుల్లేక ఒక పూట మానేసేవారు కూడా ఉండవచ్చు. వారి ముప్పు తిండి వేళల వల్లనా, ఆ కష్టాల వల్లనా అన్నది ఆ లెక్కల నుంచి తేలదు. ఆ పరిశోధన అబద్ధమని నేను అనడం లేదు. అది ఒక ప్రశ్నను లేవనెత్తిందే తప్ప జవాబు చెప్పలేదు.

మొదటి రకం పరిశోధన చూపిన ఆశ రెండో రకంలో నిలబడకపోవడానికి మెథోట్రెక్సేట్ మంచి ఉదాహరణ. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో రూపుదిద్దుకున్న ఈ మందు క్యాన్సర్‌కూ, కీళ్లవాతానికీ నేటికీ వాడుకలో ఉంది. కీళ్లవాతానికి దీన్ని వాడేవారిలో గుండెపోట్లు తక్కువగా ఉన్నట్టు చూసి చెప్పిన పరిశోధనలు కొన్ని వచ్చాయి. రక్తనాళాల్లో వాపు (ఇంగ్లీషులో ఇన్‌ఫ్లమేషన్) తగ్గడమే అందుకు కారణం కావచ్చని, అప్పటికే గుండె జబ్బు ఉండి షుగరో దానికి దగ్గరి స్థితో కూడా ఉన్న 4,786 మందితో ఇచ్చి చూసే పరిశోధన చేశారు. 2018లో వచ్చిన ఫలితం ప్రకారం గుండెపోట్లు తగ్గలేదు, రక్తంలో వాపును సూచించే కొలతలూ తగ్గలేదు, పైగా కాలేయ పరీక్షల్లో తేడాలు కనిపించాయి. అంతకు ముందు ఏడాదే కనకినుమాబ్ అనే వేరొక మందు వాపును తగ్గించి, గుండెపోటు వంటి ఘటనలను కూడా కొంత తగ్గించింది, కానీ ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్లు పెరిగాయి. వాపు సిద్ధాంతం తప్పు కాదు, మెథోట్రెక్సేట్ ఆ పనికి తగిన మందు కాదు. ఈ రెండు ముక్కలనూ విడదీసి చూడగలిగితే వార్తల్లో సగం గందరగోళం తొలగిపోతుంది. విటమిన్ డి సంగతీ ఇంతే. అది తక్కువగా ఉన్నవారిలో గుండె జబ్బులు ఎక్కువని ఎన్నో పరిశోధనలు చెప్పగా, 25,871 మంది అమెరికన్లకు ఐదేళ్లకు పైగా రోజుకు 2,000 యూనిట్లో ఉత్తుత్తి మాత్రో ఇచ్చి చూసిన వైటల్ పరిశోధనలో గుండె జబ్బులు తగ్గలేదు.

అయితే చూసి చెప్పిన పరిశోధనలన్నిటినీ కొట్టిపారేయడం కూడా తప్పే. మనుషుల్లో సగం మంది చేత సిగరెట్లు తాగించి చూడడం ఎవరికీ సాధ్యం కాదు, న్యాయమూ కాదు. 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ పరిశోధన 52 దేశాల్లో తొలిసారి గుండెపోటు వచ్చిన సుమారు 15,000 మందిని అంతే సంఖ్యలో గుండెపోటు రానివారితో పోల్చింది. పొగ, కొలెస్ట్రాల్, బీపీ, షుగరు, పొట్ట చుట్టూ కొవ్వు, మానసిక ఒత్తిడి, పండ్లూ కూరగాయలూ తక్కువ తినడం, శరీర శ్రమ లేకపోవడం వంటి తొమ్మిది అంశాలే ఆ ముప్పులో పురుషులకు 90 శాతానికీ, స్త్రీలకు 94 శాతానికీ కారణమని అది తేల్చింది. ముప్పు ఎన్నో రెట్లు పెరిగినట్టు కనిపించి, సిగరెట్ల సంఖ్య పెరిగినకొద్దీ ముప్పు కూడా పెరిగి, దేశం మారినా అదే ఫలితం వస్తే, అలాంటి పరిశోధనను నమ్మి నడుచుకోవాలి.

ఏం కొలిచారు

మందు పని చేసిందన్న మాట కనిపించగానే, ఏం కొలిచి అలా అన్నారో చూడాలి. కొలెస్ట్రాల్, షుగరు, బీపీ రక్త పరీక్షలోనో పరికరంలోనో కనిపించే అంకెలు. గుండెపోటు, పక్షవాతం, కిడ్నీ చెడిపోవడం, మరణం మనిషి అనుభవించే ఘటనలు. అంకె మారితే ఘటనలు తప్పకుండా తగ్గుతాయని అనుకోవడం సహజమే కానీ, ఆ నమ్మకం రెండు మూడు సార్లు ఘోరంగా దెబ్బతిన్నది.

మంచి కొలెస్ట్రాల్ అని మనం పిలిచే హెచ్‌డీఎల్‌ను పెంచే టార్సెట్రాపిబ్ అనే మందును 15,067 మందిలో పరీక్షించారు. హెచ్‌డీఎల్ 72 శాతం పెరిగింది, చెడు కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్, 25 శాతం తగ్గింది. రక్త పరీక్ష కాగితం చూసినవారు ఎవరైనా సంతోషించేవారే. కానీ ఆ మందు వాడినవారిలో 93 మంది, వాడనివారిలో 59 మంది చనిపోయినట్టు తేలడంతో 2006 డిసెంబరులో పరిశోధనను అర్ధాంతరంగా ఆపేశారు.

షుగరు విషయంలో ఇంతకంటే లోతుగా ఆలోచింపజేసినది అకార్డ్ పరిశోధన. గుండె ముప్పు ఎక్కువగా ఉండి, చాలామందికి పదేళ్లుగా షుగరు ఉన్న 10,251 మందిలో ఒక గుంపుకు మూడు నెలల సగటు షుగరు, అంటే హెచ్‌బీఏ1సీ, 6 కంటే తక్కువకు దించాలనీ, రెండో గుంపుకు 7 నుంచి 7.9 మధ్య ఉంచాలనీ లక్ష్యం పెట్టారు. సుమారు మూడున్నర ఏళ్లకు గట్టిగా దించిన గుంపులో 257 మరణాలు, మామూలుగా ఉంచిన గుంపులో 203 మరణాలు నమోదయ్యాయి. 2008లో షుగరును అంత గట్టిగా దించడాన్ని నిలిపివేశారు. ఈ వార్త చదివి షుగరు అదుపులో పెట్టుకోనక్కరలేదని అనుకున్నవారు పొరబడ్డారు. బ్రిటన్‌లో కొత్తగా షుగరు బయటపడినవారి మీద సాగిన యూకేపీడీఎస్ పరిశోధనలో, తొలి ఏళ్లలో బాగా అదుపులో ఉంచుకున్నవారికి కళ్లు, కిడ్నీలకు వచ్చే హాని తగ్గడమే కాక, పరిశోధన ముగిసిన పదేళ్లకు గుండెపోట్లు, మరణాలు కూడా తక్కువగా కనిపించాయి. షుగరు కొత్తగా వచ్చిన నలభై ఏళ్ల మనిషికీ, ఎన్నో ఏళ్లుగా షుగరుతో ఉండి గుండె కూడా దెబ్బతిన్న డెబ్బై ఏళ్ల పెద్దాయనకూ ఒకే లక్ష్యం పెట్టకూడదని డాక్టర్లు అంటున్నది ఈ రెండింటినీ కలిపి చదివినందువల్లే.

2008 డిసెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ, కొత్త షుగరు మందులు గుండెకు హాని చేయవని చూపించాలని కంపెనీలను కోరింది. ఆ షరతు మేలే చేసింది. ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగరు మాత్రను గుండె జబ్బు కూడా ఉన్న 7,020 మందిలో పరీక్షించగా, గుండె జబ్బు మరణాలు 5.9 శాతం నుంచి 3.7 శాతానికి తగ్గాయని 2015లో వెల్లడైంది. షుగరు అంకెను అది దించినది కొద్దిగానే. కాబట్టి షుగరు మందు గురించి చదివేటప్పుడు షుగరును ఎంత దించిందన్న దానితో ఆగకుండా, గుండెకూ కిడ్నీకీ ఏమైందని వెతకాలి.

నూరు మందిలో ఎంతమందికి

ఈ మొత్తంలో పాఠకుడు ఒక్కటే నేర్చుకోగలిగితే, ఇదే నేర్చుకోవాలని కోరతాను. ముప్పు 20 శాతం తగ్గిందని వార్త చెప్పినప్పుడు, అది ఎంతలో 20 శాతమో తెలియనిదే ఆ అంకెకు అర్థం లేదు. నూటికి ఇద్దరికి వచ్చే జబ్బు ఒకరికి తగ్గినా సగానికి సగం తగ్గినట్టే, నూటికి నలభై మందికి వచ్చేది ఇరవైకి తగ్గినా సగానికి సగం తగ్గినట్టే. కాగితం మీద లెక్క వేసుకుంటేనే తేడా కంటికి కనిపిస్తుంది.

మన ఇళ్లలో చాలామంది షుగరు రోగులు, గుండెపోటు ఎన్నడూ రాకపోయినా, రక్తం పలుచన కావడానికి మంచిదని ఎవరో చెప్పగా సొంతంగా ఆస్పిరిన్ వేసుకుంటున్నారు. సరిగ్గా ఈ ప్రశ్న మీదే బ్రిటన్‌లో అసెండ్ అనే పరిశోధన జరిగింది. గుండె, రక్తనాళాల జబ్బు లేని 15,480 మంది షుగరు రోగులకు సగటున 7.4 ఏళ్లు రోజుకు 100 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ గానీ ఉత్తుత్తి మాత్ర గానీ ఇచ్చి, 2018లో ఫలితాలు ప్రకటించారు. గుండెపోటు, పక్షవాతం వంటి తీవ్ర ఘటనలు ఉత్తుత్తి మాత్ర గుంపులో 9.6 శాతం, ఆస్పిరిన్ గుంపులో 8.5 శాతం. తీవ్ర రక్తస్రావం ఉత్తుత్తి మాత్ర గుంపులో 3.2 శాతం, ఆస్పిరిన్ గుంపులో 4.1 శాతం. ఇప్పుడు కాగితం తీసుకుని వెయ్యి మంది ఉన్నారనుకోండి. మాత్ర లేకపోతే ఏడేళ్లకు పైగా కాలంలో 96 మందికి గుండె, మెదడు ఘటనలు వస్తాయి. మాత్ర వేసుకుంటే 85 మందికి వస్తాయి. అంటే 11 మందికి మేలు జరిగింది. మాత్ర లేకపోతే 32 మందికి తీవ్ర రక్తస్రావం అవుతుంది. మాత్ర వేసుకుంటే 41 మందికి అవుతుంది. అంటే 9 మందికి హాని జరిగింది. మిగతా 980 మందికి ఆ మాత్ర వల్ల ఇటు మేలూ లేదు, అటు హానీ లేదు. ఇదే ఫలితాన్ని ఒక పత్రిక ముప్పు 12 శాతం తగ్గిందనీ, మరో పత్రిక రక్తస్రావం 29 శాతం పెరిగిందనీ రాయవచ్చు. రెండూ నిజమే, రెండూ అసంపూర్ణమే. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. స్టెంట్ వేయించుకున్నవారికి, బైపాస్ అయినవారికి, ఒకసారి గుండెపోటు వచ్చినవారికి ఈ లెక్క వర్తించదు. వారిలో ముప్పు ఎంతో ఎక్కువ కనుక ఆస్పిరిన్ వల్ల మేలు కూడా ఎక్కువ. వారు దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ తమంతట తాము ఆపకూడదు.

ఇదే పద్ధతిలో సెమాగ్లుటైడ్ వార్తను చూద్దాం. వారానికొకసారి వేసుకునే ఈ ఇంజెక్షన్‌ను గుండె జబ్బు ఉండి, బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువును చూపే కొలత) 27 గానీ అంతకు ఎక్కువ గానీ ఉండి, షుగరు లేని 17,604 మందిలో పరీక్షించిన సెలెక్ట్ పరిశోధన 2023లో వెలువడింది. ముప్పు 20 శాతం తగ్గిందన్నది శీర్షిక. మూడేళ్ల పైచిలుకు కాలంలో గుండె మరణం, గుండెపోటు, పక్షవాతం కలిపి వెయ్యిలో 80 మంది నుంచి 65 మందికి తగ్గాయి, అంటే 15 మందికి మేలు జరిగింది. దుష్ప్రభావాల వల్ల మందు మానేసినవారు ఆ గుంపులో వెయ్యికి 166 మంది, ఉత్తుత్తి మందు గుంపులో 82 మంది. గుండె జబ్బు ఉన్నవారికి ఇది విలువైన మేలే. కానీ గుండె జబ్బు లేకుండా కేవలం పొట్ట తగ్గాలనుకునే ముప్పై ఏళ్ల యువకుడు ఈ 15 మందిలో తనను లెక్కవేసుకోకూడదు, ఎందుకంటే అతనిలాంటివారు ఆ పరిశోధనలో లేరు.

ఇక ఎక్కువ మంది పత్రికల్లో చదవని లెక్క ఒకటుంది. షుగరు రాబోయే స్థితిలో ఉన్న 531 మంది భారతీయులతో చెన్నైకి చెందిన పరిశోధకులు చేసిన పరిశోధన 2006లో వెలువడింది. ఏ సలహా లేని గుంపులో మూడేళ్లలో నూటికి 55 మందికి షుగరు వచ్చింది. రోజుకు కనీసం అరగంట చురుకైన నడక, తీపి, పాలిష్ పట్టిన ధాన్యం, నూనె తగ్గించడం, పీచు పెంచడం అనే సలహాను క్రమంగా అందించిన గుంపులో నూటికి 39 మందికి వచ్చింది. అంటే నూటికి 16 మంది మూడేళ్ల పాటు షుగరు నుంచి తప్పించుకున్నారు. మెట్‌ఫార్మిన్ మాత్ర కూడా ఇంచుమించు అంతే మేలు చేసింది, రెండూ కలిపితే అదనంగా ఏమీ రాలేదు. ఇక్కడ కొలిచినది షుగరు రావడాన్నే, గుండెపోట్లను కాదన్నది గుర్తుంచుకోవాలి. అయినా మనలాంటి మనుషుల్లో, మన తిండి మీద ఇంత పెద్ద మేలు చూపిన పరిశోధన కనుక, నా దృష్టిలో ఏ కొత్త ఇంజెక్షన్ వార్త కంటే కూడా ఇది ప్రతి ఇంట్లో తెలియవలసినది.

పరిశోధనకు డబ్బు ఎవరు పెట్టారన్నది కూడా చూడాలి కానీ, కంపెనీ డబ్బు పెట్టినంత మాత్రాన ఫలితం అబద్ధం కాదు. పెద్ద మందుల పరిశోధనలు చాలావరకు ఆ కంపెనీల ఖర్చుతోనే జరుగుతున్నాయి. ముందుగా నమోదు చేసిన కొలతనే ప్రకటించారా, హానిని కూడా మేలుతో సమానంగా చెప్పారా అని చూసుకుంటే చాలు.

ఆ మనుషులు మనలాంటివారేనా

బీపీని ఎంతకు దించాలన్న చర్చ ఈ ప్రశ్నకు చక్కని పాఠం. 2015లో వచ్చిన స్ప్రింట్ పరిశోధనలో పై అంకెను 140 కంటే తక్కువ ఉంచడానికి బదులు 120 కంటే తక్కువకు దించితే, ఏడాదికి నూటికి 2.19 చొప్పున వచ్చే గుండె, రక్తనాళాల ఘటనలు 1.65కు తగ్గాయి. మరణాలూ తగ్గాయి. కళ్లు తిరిగి పడిపోవడం, కిడ్నీకి ఉన్నట్టుండి దెబ్బ తగలడం వంటివి మాత్రం పెరిగాయి. కానీ ఆ 9,361 మందిలో షుగరు రోగులను గానీ, పక్షవాతం వచ్చినవారిని గానీ చేర్చుకోలేదు. షుగరు ఉన్నవారిలో ఇదే లక్ష్యాన్ని పరీక్షించిన అకార్డ్ బీపీ విభాగంలో, 2010లో, మొత్తం ఘటనల్లో స్పష్టమైన తేడా రాలేదు. చివరకు చైనాలో 12,821 మంది షుగరు రోగులతో చేసిన బీప్రోడ్ పరిశోధన 2024లో వెలువడి, వారిలోనూ ఘటనలు ఏడాదికి నూటికి 2.09 నుంచి 1.65కు తగ్గుతాయని చూపింది. 2015లో స్ప్రింట్ వార్త చదివిన షుగరు రోగికి సరైన జవాబు దొరకడానికి తొమ్మిదేళ్లు పట్టిందన్నమాట.

ఇంకొక సూక్ష్మం ఉంది. స్ప్రింట్‌లో బీపీ తీసిన తీరు వేరు. ఐదు నిమిషాలు నిశ్శబ్దంగా కూర్చోబెట్టి, తానంతట తానే తీసే పరికరంతో మూడుసార్లు తీసి సగటు కట్టారు. ఓపీలో మెట్లెక్కి వచ్చి, వరుసలో నిలబడి, మాట్లాడుతుండగా ఒకసారి తీసిన అంకె సాధారణంగా అంతకంటే ఎక్కువగా వస్తుంది. ఆ అంకెను 120కి దించాలని మందులు పెంచుకుంటే ఇంట్లో బీపీ పడిపోయే ప్రమాదం ఉంది. ఇంట్లో తీసుకునేటప్పుడు మూత్రానికి వెళ్లి వచ్చి, అంతకు ముందు అరగంట కాఫీ, టీ, పొగ లేకుండా, వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, చేయి గుండె ఎత్తున బల్ల మీద ఉంచి, మాట్లాడకుండా ఐదు నిమిషాలు కూర్చున్నాకే తీయాలి.

మన జనం గురించి తెలిసిన కొన్ని సంగతులను పాశ్చాత్య పరిశోధనల పక్కన పెట్టి చదవాలి. ఇంటర్‌హార్ట్‌లో దక్షిణాసియా వారికి తొలి గుండెపోటు సగటున 53 ఏళ్లకు వస్తే, ఇతర దేశాలవారికి దాదాపు 59 ఏళ్లకు వచ్చింది. ఉభయ గోదావరి జిల్లాల 45 గ్రామాల్లో మరణాలకు కారణాలను నమోదు చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, మూడింట ఒక వంతుకు దగ్గరగా మరణాలు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లేనని తేలింది. ఇది పట్నాల జబ్బన్న మాట అప్పటికే కాలం చెల్లినది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం దేశంలో పెద్దవారిలో 11.4 శాతం మందికి షుగరు, 15.3 శాతం మందికి షుగరు రాబోయే స్థితి, 35.5 శాతం మందికి బీపీ ఉన్నట్టు లెక్కగట్టింది. మన శరీర తీరుకు బీఎంఐ 23 నుంచే అధిక బరువుగానూ, నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే ముప్పుగానూ పరిగణిస్తారు. కనుక బీఎంఐ 27 దాటినవారి మీద చేసిన పరిశోధన మన సన్నని చేతులు, పెద్ద పొట్ట గల మనిషికి ఎంతవరకు వర్తిస్తుందో డాక్టరునే అడగాలి.

చైనా పల్లెల్లో చేసిన ఉప్పు పరిశోధన ఒకటి మన పచ్చళ్ల ఇళ్లకు బాగా దగ్గర. పక్షవాతం వచ్చినవారు, బీపీ ఉన్న అరవై దాటినవారు కలిపి 20,995 మందిని 600 గ్రామాల నుంచి తీసుకుని, సగం గ్రామాలకు మామూలు ఉప్పులో నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు ఇచ్చారు. ఐదేళ్లకు దగ్గరగా సాగిన ఆ పరిశోధనలో పక్షవాతం 14 శాతం, మరణాలు 12 శాతం తగ్గాయని 2021లో ప్రకటించారు. వెయ్యి మందిలో ఏడాదికి 33.65గా ఉన్న పక్షవాతాలు 29.14కు తగ్గాయన్నది అసలు లెక్క. కానీ తీవ్రమైన కిడ్నీ జబ్బు ఉన్నవారిని అందులో చేర్చుకోలేదు. కిడ్నీలు సరిగా పని చేయనివారిలో పొటాషియం పేరుకుపోతే గుండె లయ తప్పి ప్రాణం మీదకు వస్తుంది. కారణం ఇదమిత్థంగా తేలని కిడ్నీ జబ్బు ఎంతోమందిని పట్టి పీడిస్తున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో, కిడ్నీల పనితీరును చూపే క్రియాటినిన్ అనే రక్త పరీక్ష చేయించుకోకుండా ఎవరూ ఇలాంటి ఉప్పును వంటలో వేసుకోకూడదు. పొటాషియం పెంచే బీపీ మాత్రలు, గుండె మాత్రలు వాడేవారికీ ఇదే జాగ్రత్త.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లవలసిన కాగితం

ఇంత చదివాక వార్తను అలాగే ఫోనులో చూపించి ఇది మంచిదేనా అని అడిగితే, బయట ముప్పై మంది కూర్చుని ఉన్న ఓపీలో డాక్టరు ఒక్క మాటతో తేల్చేస్తారు. దానికి బదులు ఒక కాగితం మీద పైన పరిశోధన పేరు, సంవత్సరం, ఎవరి మీద చేశారు, వెయ్యి మందిలో ఎంతమందికి మేలు, ఎంతమందికి హాని అన్నవి రాయాలి. కింద మీ వయసు, బీపీ, పరగడుపు షుగరు, హెచ్‌బీఏ1సీ, ఎల్‌డీఎల్, క్రియాటినిన్, నడుము కొలత, వాడుతున్న మాత్రలు, ఇంట్లో అమ్మానాన్నలకు, తోబుట్టువులకు చిన్న వయసులో గుండెపోటు వచ్చిందా లేదా అన్నది రాయాలి. ఆస్పిరిన్ ఉదాహరణనే తీసుకుంటే, నాకు స్టెంట్ లేదు, గుండెపోటు రాలేదు, కడుపులో పుండు ఉండేది, ఈ మాత్ర నాకు కొనసాగించాలా అని అడిగితే డాక్టరు ఆలోచించి జవాబు చెప్పక తప్పదు. హెచ్‌బీఏ1సీ రాసేటప్పుడు పక్కనే హిమోగ్లోబిన్ కూడా రాయడం మంచిది, ఎందుకంటే ఇనుము లోపం వల్ల వచ్చే రక్తహీనతలో ఈ పరీక్ష ఉన్నదానికంటే ఎక్కువ చూపవచ్చు, మన ఆడవారిలో రక్తహీనత చాలా ఎక్కువ.

డాక్టరు మీకు ఆ మందు వద్దంటే కారణం అడిగి అదే కాగితం మీద రాసుకోండి. కిడ్నీ వల్లనా, వయసు వల్లనా, ఖర్చు వల్లనా, లేక మీ ముప్పు అంత లేనందువల్లనా అన్నది తెలిస్తే, అదే మందు మీద తర్వాతి వార్త వచ్చినప్పుడు మళ్లీ మొదటి నుంచి వెతకనక్కరలేదు. మీరు ఇప్పటికే వాడుతున్న మాత్ర మీద చెడు వార్త వస్తే మాత్రం, ఎంత భయపెట్టే శీర్షిక అయినా ఆ రోజు వేసుకోవలసిన మాత్ర వేసుకుని, మందు రాసిన డాక్టరుకు గానీ ఆ ఆసుపత్రికి గానీ ఫోను చేయండి. స్టెంట్ వేశాక ఇచ్చే రక్తం పలుచన చేసే మాత్రలను, గుండె వేగాన్ని తగ్గించే మాత్రలను ఉన్నట్టుండి ఆపడం వల్ల కొద్ది రోజుల్లోనే గుండెపోటు వచ్చే ప్రమాదం ఉంది. అదే మాత్రను కొనసాగించడం వల్ల వచ్చే హాని, ఏ పరిశోధనలో బయటపడినదైనా, సాధారణంగా నెలలు, ఏళ్లు వాడినవారిలో లెక్కగట్టినది. డాక్టరును కలిసేవరకు ఆగడానికి అక్కడ సమయం ఉంటుంది.